అడ్డుపుల్ల వేసే కాకి
(సాంస్కృతికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠం)



ఈ ఏడు ప్రసంగానికి విషయం మమ్మల్నే ఎంచుకోమన్నారు కార్యవర్గంవారు. ప్రతి ఏడూ మేము చెప్పేది ఒక్కటే, మాతృభాషను మరువకండి అని. వినేవారు తల ఊపుతారు, చప్పట్లు కొడతారు, భోజనానికి లేస్తారు. ఈసారి మాత్రం మన పిల్లలు ఆడుకొనే ఒక వీడియో ఆటను గురించి, ఆ ఆటలోని ఒక కాకిని గురించి మనవి చేయదలచుకొన్నాము. నవ్వుకొన్నా సరే, చివరిదాకా వినండి. ఇందులో మేము చేసిన ఒక పొరపాటు కూడా ఉన్నది. అది జరిగింది మన వేదిక మీదనే గనుక, ఒప్పుకోవటం కూడా ఇక్కడే న్యాయమని తోచింది.

ముందు మా సంగతి రెండు మాటలు. మా తాతగారు విశాఖపట్టణం జిల్లా నుండి ఓడ ఎక్కి మలయా వెళ్ళారు. బాగన్ దతో ప్రాంతంలో కొబ్బరితోటలో కూలిపని. మా నాన్నగారు అక్కడే పుట్టారు, మేమూ అక్కడే పుట్టాము. బడిలో మలయ్, ఇంగ్లీషు. వీధిలో తమిళం. ఇంట్లో మాత్రం తెలుగు. అక్షరాలు నేర్చింది తోట షెడ్డులో, సాయంత్రపు తరగతిలో, పెట్రోమాక్సు దీపం కింద, పెద్ద బాలశిక్ష ముందు పెట్టుకొని. అందుచేత మాది సాయంత్రపు తెలుగు. పండితుల తెలుగులో ఉండే పొద్దుటి వెలుతురు దీనికి తక్కువ. తప్పులు దొర్లితే మన్నించండి.

లెక్కల మాస్టారుగా మస్కట్ చేరిన తరువాత, తోటి ఉపాధ్యాయులు ఇద్దరితో కలిసి ఇక్కడ కూడా సాయంత్రపు తరగతే పెట్టాము. గురువారం సాయంత్రం రెండు గంటలు. ఆ పిల్లలు రకరకాల వారు. గుంటూరు వాళ్ళున్నారు, కరీంనగర్ వాళ్ళున్నారు. మారిషస్‌లో కోరంగీలని పిలిపించుకొన్న వారి మునిమనుమలు ఉన్నారు. మావలె మలయా తోటల వారు, దర్బన్ వారు ఉన్నారు. ఇక్కడే పుట్టి, ఊరు అంటే సెలవులకు వెళ్ళే చోటు అనుకొనేవారు ఎక్కువ. అందరికీ ఉమ్మడిగా ఉన్నవి రెండే. ఒకటి కొద్దిపాటి తెలుగు. రెండవది చేతిలో ఆటపెట్టె.

ఈ ఆటపెట్టెల మీద మాకు మొదటినుండి కోపమే. తరగతి గుమ్మంలో ఒక బిస్కెట్ల డబ్బా పెట్టి, వచ్చినవారు వచ్చినట్లు అందులో పడవేయాలని నియమం చేశాము. డబ్బా నిండేది, తరగతి మాత్రం నిండేది కాదు. అందులో ఏముందో ఒక్కనాడు తెరిచి చూడలేదు. అక్కడే మా చదువు ఆగిపోయింది.

2023 ఉగాదికి మన పిల్లలచేత పడకసీను వేయించాము, జ్ఞాపకం ఉండే ఉంటుంది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయములు తెలిసినవారికి ఆ సీను కథ చెప్పనక్కరలేదు. చిన్నవారి కొరకు చెబుతాము. యుద్ధానికి సాయం అడగటానికి దుర్యోధనుడూ అర్జునుడూ ద్వారకకు వెళతారు. కృష్ణుడు నిద్రలో ఉంటాడు. ఒకడు తలవైపు, ఒకడు కాళ్ళవైపు కూర్చుంటారు. లేచిన కృష్ణుడు రెండు వాటాలు వేస్తాడు. ఒకవైపు తన సేన మొత్తం, మరొకవైపు ఆయుధం పట్టనని మాట ఇచ్చిన తానొక్కడు. అర్జునుడు ఆయుధం లేని ఆ ఒక్కణ్ణి కోరుకొంటాడు. దుర్యోధనుడు సేనను చూసుకొని సంతోషిస్తాడు.

కృష్ణుడి వేషం వేసిన అబ్బాయి చురుకైనవాడు, గొంతు మంచిది. రెండవ పద్యం దగ్గర గొంతు ఆగిపోయింది. సభ అంతా ఊపిరి బిగపట్టింది. తెర పక్కనుండి ఒక చిన్న గొంతు అతనికి మొదటి మాట అందించింది. అతను అందుకొని పాడేశాడు. తరువాత దుర్యోధనుడికి ఒకసారి, అర్జునుడికి రెండుసార్లు కూడా ఆ గొంతే మాట అందించింది. ఆ గొంతు పన్నెండేళ్ళ అమ్మాయిది. ఆమెకు మాట తడబడుతుంది. అందుచేతనే వేషం ఇవ్వక, పుస్తకం చేతికిచ్చి తెర పక్కన నిలబెట్టాము. ముగ్గురు అబ్బాయిలకు కప్పులు ఇచ్చాము, ఫోటో తీయించాము, పేర్లు సంచికలో వేయించాము. ప్రాంప్టింగ్ చేసిన అమ్మాయిని వేదిక మీదకు పిలవటం కూడా మరచాము. నిజం చెప్పాలంటే మరవలేదు. పిలవాలని తోచనే లేదు.

ఆ తరువాతి గురువారం ఆ అమ్మాయి రాలేదు. పై గురువారం కూడా రాలేదు. డబ్బా మీది అలకేమో అనుకొన్నాము. నాలుగు వారాలు చూసి, వాది కబీర్‌లో వాళ్ళ ఇంటికి వెళ్ళాము.

వాళ్ళ అమ్మగారు కాఫీ పెట్టారు. అమ్మాయి సోఫా మూలన కూర్చుని ఆటపెట్టెలో మునిగి ఉన్నది. కోప్పడటానికి వెళ్ళినవాళ్ళం, ఏమనాలో తెలియక, "ఏమ్మా, ఏం ఆట అది?" అని అడిగాము. ఆ ప్రశ్న ముందే అడిగి ఉంటే ఈ ప్రసంగం అవసరం ఉండేది కాదు.

"పోకెమాన్, మాస్టారూ," అన్నది.

ఆ పేరు తెలియని ఇల్లు ఇప్పుడు లేదు. జపాన్‌లో సతోషి తజిరి అనే ఆయన చిన్నతనంలో పురుగులను పట్టి పెంచుకొనేవాడట. ఆ సరదానే ఆటగా మలిచాడు. 1996 ఫిబ్రవరిలో మొదటి ఆట వచ్చింది. వింత జంతువులను పట్టుకోవటం, పెంచటం, ఒకరి జంతువుతో మరొకరి జంతువును పోటీకి దింపటం. ఈ బొమ్మల కథలు టీవీలో తెలుగు మాటలతో కూడా వచ్చాయి. జంతువుల పందెం అనేసరికి మాకు సంక్రాంతి కోడిపందాలు గుర్తుకు వచ్చాయి. గోదావరి జిల్లాల్లో కోడి కాలికి కత్తి కడతారు, చట్టం వద్దన్నా ఆగదు. పల్నాటి కథలో బ్రహ్మనాయుడికీ నాయకురాలు నాగమ్మకూ జరిగిన కోడిపోరు రాజ్యాన్నే ముంచింది. అయితే ఈ ఆటలో రక్తం లేదు, పందెం డబ్బు లేదు. ఓడిన జంతువు సొమ్మసిల్లుతుంది, మళ్ళీ కోలుకొంటుంది. తల్లిదండ్రులు ఈ విషయంలో నిశ్చింతగా ఉండవచ్చు.

పెద్ద పోటీల పద్ధతి ఇలా ఉంటుంది. ఒక్కొక్కరు ఆరు జంతువులను తెస్తారు. ఎదుటివారి ఆరింటినీ చూసి, తమ ఆరింటిలో నాలుగింటిని ఎంచుకొంటారు. బరిలో ఎప్పుడూ ఇటు రెండు, అటు రెండు. ప్రతి ఎత్తులోనూ రెండు జంతువులకూ ఆజ్ఞ ఇవ్వాలి. చదరంగంలో వలె ఒకరి తరువాత ఒకరు కాదు. ఇద్దరూ ఒకే సమయంలో, ఎదుటివారికి తెలియకుండా ఎత్తు వేస్తారు. ఆలోచించుకోవటానికి 45 సెకన్లు. ఆ తరువాత వేగం గలది ముందు, మందమైనది వెనుక కదులుతుంది. నాలుగూ సొమ్మసిల్లినవారు ఓడిపోయినట్లు. లెక్కల మాస్టారులం గనుక ఇక్కడికి వచ్చేసరికి కుర్చీ కొంచెం ముందుకు జరుపుకొన్నాము.

ఆమె జట్టులో నిప్పులు కక్కేవి, కొండలంతవి ఉన్నాయి. ఆమె మాత్రం ముందుగా దింపింది ఒక కాకిని. తలమీద టోపీ లాగా ఈకలు. పేరు మర్క్రో. 1999లో వచ్చిన ఆటలో మొదటిసారి కనబడిన పాత కాకి. దాని ప్రాణశక్తి 60, దెబ్బ ఓర్చే శక్తి 42. ఎదురుగా ఉన్న డోండోజో అనే పెద్ద చేప ప్రాణశక్తి 150. "ఈ బక్క కాకి ఎవరిని కొడుతుందమ్మా?" అన్నాము.

"ఇది ఎవరినీ కొట్టదు మాస్టారూ. పక్కదాన్ని కొట్టనిస్తుంది."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమెకు తడబాటు రాలేదు. తరువాత గంటసేపు ఆమె చెప్పింది, మేము విన్నాము. విన్నది విన్నట్లు మనవి చేస్తాము.

ఈ కాకికి ఒక సహజగుణం ఉండవచ్చు, ప్రాంక్‌స్టర్ అంటారు. కొంటెతనం అనుకొందాము. 2010లో వచ్చిన ఆటలతో ఈ గుణం పుట్టింది. ఈ గుణం ఉన్న జంతువు కొట్టేటప్పుడు అందరివలెనే తన వేగం ప్రకారం కదులుతుంది. కొట్టకుండా చేసే పనులు, అంటే సాయపడటం, అడ్డుపడటం వంటివి, మామూలు ఎత్తులన్నిటికంటె ముందుగా చేస్తుంది. ఎదుటివాడు ఎంత వేగం గలవాడైనా సరే.

ఆ పనులేమిటి? మొదటిది టెయిల్ విండ్. వీపు వెనుకనుండి గాలి వీస్తుంది, నాలుగు ఎత్తులపాటు తనవైపు వారందరి వేగం రెట్టింపు అవుతుంది. మనవారి తెరచాప పడవకు అనుకూలమైన గాలి తగిలినట్లన్న మాట. రెండవది టాంట్, కవ్వింపు. కవ్వింపుకు లోనైనవాడు మూడు ఎత్తులదాకా కొట్టటం తప్ప మరొకటి చేయలేడు. కోపం వచ్చినవాడికి తంత్రం తోచదు కదా! మూడవది హేజ్, పొగమంచు. బరిలో ఉన్నవారు పెంచుకొన్న బలాలన్నీ ఒక్కసారిగా మొదటి స్థితికి వస్తాయి. నాలుగవది ఫౌల్ ప్లే. ఇది కొట్టే పనే, అయితే తన బలంతో కాదు, ఎదుటివాడి బలాన్నే లెక్కకు తీసుకొని వాడినే కొట్టటం.

ఆ పెద్ద చేప సంగతి కూడా చెప్పింది. డోండోజోకు తత్సుగిరి అనే బుల్లిచేప తోడు ఉంటుంది. బుల్లిచేప వెళ్ళి పెద్దచేప నోట్లో కూర్చుని సేనాపతి లాగా ఆజ్ఞలిస్తుంది. దానితో పెద్దచేప దెబ్బ, ఓర్పు, వేగం, అన్నీ రెట్టింపవుతాయి. ఎంతటివాడు కొట్టినా చలించదు. అటువంటి దానిముందు ఈ కాకి పొగమంచు ఊదితే రెట్టింపులన్నీ ఎగిరిపోతాయి, మామూలు చేప మిగులుతుంది. 2023 మొదటి నెలల పోటీలలో ఈ చేపల జంట చాలామందిని హడలగొట్టినప్పుడు, దానికి విరుగుడుగా ఈ కాకిని తెచ్చినవారు ఉన్నారు. అయితే పొగమంచుకు మన, పర అనే భేదం లేదు. మనవాడు పెంచుకొన్న బలం కూడా పోతుంది. అడ్డుపుల్ల వేసేవాడు అది తెలుసుకొని వేయాలి.

ఇంకొక్కటి విన్నాక మాకు నిద్ర పట్టలేదు. ఈ కాకి ఎదిగితే హాంచ్‌క్రో అనే పెద్దపక్షి అవుతుంది. బలం పెరుగుతుంది, కొంటెతనం పోతుంది. అందుచేత తెలిసినవారు దాన్ని ఎదగనివ్వరు. ఇంకా ఎదగవలసిన జంతువులకు మాత్రమే పనిచేసే ఈవియోలైట్ అనే రాయి ఒకటి ఉంటుంది. అది కట్టిస్తే ఓర్పు ఒకటిన్నర రెట్లవుతుంది. బలహీనతే దాని పెట్టుబడి అయిందన్న మాట. మనం ప్రతి పిల్లవాణ్ణీ ముందు వరుసకు తోసి, గొంతు పెంచు, ముందుకు రా అంటాము. కొందరి గుణం పక్కన నిలబడినప్పుడే పనిచేస్తుందని మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పారేమో, మేము వినలేదు.

"మరి ఈ కాకికి బలహీనత లేదా?" అంటే, ఉన్నదన్నది. ఎదుటివాడే ముందుగా దాన్ని కవ్విస్తే అది కొట్టటం తప్ప మరేమీ చేయలేక కూర్చుంటుంది. కవ్వింపు వంటి దాని కొంటెపనులు చీకటిజాతి జంతువుల మీద పారవు, 2016లో వచ్చిన ఆటలనుండి అది నియమం. అన్నిటికంటె పెద్ద బలహీనత, పక్కన మంచి జోడీ లేకపోతే ఎన్ని గాలులు వీచినా వృథా.

ఇంతా చెప్పి, తెర వైపే చూస్తూ అడిగింది: "గెలిస్తే ఎవరి పేరు చెబుతారు మాస్టారూ? చివర కొట్టినదాని పేరే కదా."

వాళ్ళ అమ్మగారు కాఫీ గ్లాసులు తీసుకొని లోపలికి వెళ్ళారు. మాకు అప్పుడు అర్థమయింది, ఆమె డబ్బా మీద అలిగి మానలేదని.

ఇది పిల్లల ఆటలో చిన్న ముచ్చట అనుకొనేవారికి ఒక పెద్ద పోటీ సంగతి చెబుతాము. 2014 ఆగస్టులో అమెరికాలో వాషింగ్టన్ నగరంలో పోకెమాన్ ప్రపంచ పోటీలు జరిగాయి. దక్షిణ కొరియా యువకుడు సెజున్ పార్క్ పెద్దల విభాగంలో గెలిచాడు. అందరూ మహాబలాఢ్యులను తెచ్చినచోట అతని జట్టులో పచిరిసు అనే బుల్లి ఉడుత ఉన్నది. ఉడుతేమి చేసింది? ఫాలో మీ అనే ఎత్తు. "నా వైపు రండి" అని పిలుస్తుంది. ఆ ఎత్తులో ఎదుటివారు పక్కదాని మీద గురిపెట్టిన దెబ్బ వచ్చి ఉడుతకు తగులుతుంది. పక్కన ఉన్న గ్యారడాస్ అనే జలసర్పానికి కరెంటు దెబ్బ తగిలితే నాలుగు రెట్లు నొప్పి. ఉడుతకేమో కరెంటును తాగి కోలుకొనే గుణం. పాముకు ప్రాణాంతకమైనది ఉడుతకు మందు. అలా ఉడుత కాచుకొంటుంటే పాము తన పని చేసుకొన్నది. ఆ ఉడుతను ఆటగాళ్ళు ఇప్పటికీ చెప్పుకొంటారు.

ఉడుత అనగానే మీ అందరికీ ఏం గుర్తుకు వచ్చిందో మాకు తెలుసు. ఉడుతా భక్తి అనే మాటను మనం చిన్నసాయానికి, కొంచెం తక్కువచేసి వాడుతాము. ఉడుతాభక్తిగా చందా ఇచ్చాము అంటాము. సముద్రం మీద వంతెన కట్టేనాటి ఆ ఉడుత వీపుమీద వేళ్ళ గుర్తులు ఎందుకు మిగిలాయో మాత్రం ఆలోచించము. కొండలు మోసినవారి నడుమ ఇసుక రాల్చినదాన్ని చేతిలోకి తీసుకొని నిమిరినవాడు ఒకడున్నాడు. గుర్తు మిగిలింది అందువలన.

ఇక కాకికి వద్దాము. భారతంలో కర్ణపర్వం చదివినవారికి హంసకాకీయం తెలుసు. ఎంగిళ్ళు తిని బలిసిన కాకి హంసలతో పందెం కట్టి, సముద్రం మీద ఎగరలేక నీళ్ళలో పడిన కథ. చెప్పినవాడు శల్యుడు, విన్నవాడు కర్ణుడు. అదీ ఎప్పుడు? అర్జునుడితో యుద్ధానికి వెళుతూ రథం మీద. కృష్ణుడికి దీటైన సారథి కావాలని కోరి శల్యుణ్ణి తెచ్చుకొంటే, ఆ సారథి ఎదుటివాడిని గాక తన రథికుణ్ణే కుంగదీశాడు. దారిలో దుర్యోధనుడి ఆతిథ్యానికి లోబడి అటు మాట ఇచ్చాడు. ధర్మరాజు అడిగితే కర్ణుడి తేజస్సు తగ్గిస్తానని ఇటూ మాట ఇచ్చాడు. రెండు రథాలమీదా సారథులు ఆయుధం పట్టలేదు. ఒక సారథి వలన యుద్ధం గెలిచారు, మరొక సారథి వలన ఓడారు. కొట్టనివాడి విలువ తెలుసుకోవటానికి ఇంతకంటె ఏం కావాలి?

మన సంఘాలలో అడ్డుపుల్ల వేసేవారికి కొదవలేదని మీరు లోలోపల నవ్వుకొంటున్నారు. నిజమే. అయితే పుల్ల ఎటువైపు వేస్తున్నామో చూసుకోవాలి. ఎదుటివాడి చక్రానికి వేస్తే తోడు, మన చక్రానికే వేసుకొంటే శల్యసారథ్యం.

మనం ఉంటున్న ఈ దేశంలో కూడా ఒక పోటీ ఉన్నది. మస్కట్ నుండి బాతినా తీరం వెంట వెళితే బర్కా. అక్కడ చలికాలంలో ఎద్దుల పోరు జరుగుతుంది. కత్తి పట్టినవాడు ఉండడు. రెండు ఎద్దులు కొమ్ములు కలిపి తోసుకొంటాయి, వెనక్కు తగ్గినది ఓడినట్లు. మేము ఒకసారి చూడబోయినప్పుడు అందరి కళ్ళూ ఎద్దుల మీద ఉంటే, ఒక వృద్ధ ఒమానీ పెద్దమనిషి మాకు తాళ్ళు పట్టుకొన్నవారిని చూపించాడు. దెబ్బ ముదిరే సమయం చూసి తాడు లాగి విడదీసేది వారే. రెండు ఎద్దులూ ఇంటికి నడిచి వెళ్ళేది వారి వలన. ఆనాడు మేము విని ఊరుకొన్నాము. ఇప్పుడు గుర్తుకు వచ్చింది.

ఇంకా వెనక్కు వెళితే మా మామ్మ గుర్తుకు వచ్చింది. మామ్మకు అక్షరం ముక్క రాదు. సాయంత్రపు తరగతిలో పాఠం చెప్పినవారి పేరు తోటలో అందరికీ తెలుసు. మామ్మ చేసిన పని ఎవరికీ తెలియదు. బడినుండి వచ్చి మేము మలయ్‌లోనో తమిళంలోనో అన్నం అడిగితే ఆమెకు వినబడేది కాదు. గరిటె గిన్నెలోనే ఉండేది. తెలుగులో అడిగినదాకా చెవుడు, అడిగిన తరువాత ముద్దకు నెయ్యి. ఎంత కోపం వచ్చేదో! ఆకలిమీద ఉన్న పిల్లలకు అడ్డుపుల్ల వేయటం కాక మరేమిటది? తాత ఓడ ఎక్కి తెచ్చిన తెలుగు మూడవ తరానికి అందటంలో ఆ చెవుడుకు ఉన్న వాటా ఎంతో ఇప్పుడు లెక్కవేస్తున్నాము. లెక్కల మాస్టారులమై ఉండీ ఇన్నాళ్ళు వేయలేదు.

మీ ఇళ్ళలో కూడా చూడండి. ఓడ ఎక్కినవారి పేరు, షాపు పెట్టినవారి పేరు, సంఘం స్థాపించినవారి పేరు ఫోటో కింద ఉంటుంది. వారు పనికి వెళ్ళేటప్పుడు వెనుకనుండి గాలి వీచినవారు ఎవరు? అప్పులవాళ్ళు వచ్చినప్పుడు "నా వైపు రండి" అని గుమ్మంలో నిలబడినది ఎవరు?

ఆ రోజు తిరిగి వచ్చాక మా తరగతిలో రెండు మార్పులు చేశాము.

మొదటిది, డబ్బా తీసివేశాము. గురువారం చివరి పావుగంట ఆటకు ఇచ్చాము. షరతు ఒక్కటే, ఆడుతున్నది తెలుగులో చెప్పాలి. మొదటివారం "వాడు దీన్ని కొట్టాడు, ఇది పోయింది" తప్ప మాటలు రాలేదు. మూడవ వారానికి మాటలు వెతుక్కోవటం మొదలుపెట్టారు. టెయిల్ విండ్‌ను వెన్నుగాలి అన్నారు. టాంట్‌కు కవ్వింపు అనే మాట మేము ఇవ్వబోతే, ఒక నెల్లూరు పిల్లవాడు రెచ్చగొట్టటం అన్నాడు, ఇద్దరూ వాదించుకొన్నారు. తెలుగు మాటకోసం పిల్లలు పోట్లాడుకోవటం మేము చూడటం అదే మొదలు. తోడుకు మన భాషలో ఎన్ని మాటలున్నాయో పలకమీద రాశాము: ఊతం, ఆసరా, అండ, దన్ను, చేదోడు, బాసట. అడ్డుకు కూడా రాశాము: ఆటంకం, అవాంతరం, మోకాలడ్డు. వాలుకుర్చీలో పడుకొన్న తాతగార్లకు ఫోన్ చేసి మరికొన్ని తెచ్చారు. అన్ని మాటలున్న భాషలో పుట్టినవాళ్ళం, ఆ పని చేసినవారిని పిలవటానికి ఒక్క మాట వాడలేకపోయాము.

రెండవది, నాటకం వేసినప్పుడు ప్రాంప్టర్‌నూ, తెర లాగినవారినీ, గద తయారుచేసినవారినీ ముందుగా వేదిక ఎక్కిస్తున్నాము. వేషధారులు తరువాత వస్తారు.

ఆ అమ్మాయి మళ్ళీ వచ్చిందా అని అడుగుతారు. వచ్చింది. రమ్మని బతిమాలలేదు. "మీ కాకి సంగతి తరగతిలో చెప్పటానికి మాకు రాదమ్మా, నువ్వు చెప్పాలి" అన్నాము. వచ్చి చెప్పింది. తడబడింది కూడా. పిల్లలు నవ్వలేదు, ఎందుకంటే తరువాత ఏం జరుగుతుందో వాళ్ళకు కావాలి. కృష్ణుడి వేషం వేసిన అబ్బాయి ఆమెకు రెండుసార్లు మాట అందించాడు. అందుకు మేము అతనికి ఏమీ నేర్పలేదు.

కాని కథ అక్కడ సుఖాంతం కాలేదు. గల్ఫులో ఉన్నవారికి తెలిసిన సంగతే. 2024 వేసవిలో వాళ్ళ నాన్నగారి ఉద్యోగం ఒప్పందం ముగిసింది, కుటుంబం వెళ్ళిపోయింది. మన వేదిక మీద ఆమె పేరు పిలవవలసిన అవకాశం ఒకటే వచ్చింది, అది 2023 ఉగాదిరోజు. దాన్ని మేము పోగొట్టాము. సాయంత్రపు తరగతి మాస్టారులకు రెండవ అవకాశం తరచుగా రాదు. పిల్లలు పెరగటం వలన కొందరు, వీసాలు ముగియటం వలన కొందరు వెళ్ళిపోతూనే ఉంటారు.

ఈ సంచికలో ఆమె పేరు వేయిస్తామని రాసి అడిగాము. రెండు రోజులకు జవాబు వచ్చింది, తెలుగులోనే. "నా పేరు వద్దు మాస్టారూ. ఇకనుండి ప్రాంప్టర్ పేరు వేస్తే చాలు." అక్షరదోషం ఒకటి ఉన్నది. దిద్దలేదు.

కనుక కార్యవర్గంవారికి మా మనవి ఒకటి. వచ్చే ఏటినుండి సంచికలో నటీనటుల జాబితాకు పైన, కింద కాదు, పైన, తెర వెనుక పనిచేసినవారి పేర్లు వేయండి. కాగితం ఖర్చు నాలుగు వరుసలు. అవసరమైతే మా ప్రసంగంలో నాలుగు వరుసలు కోసివేయండి.

తల్లిదండ్రులకు మనవి మరొకటి. పిల్లల చేతిలోని పెట్టె లాక్కోవద్దని మేము అనము. చదువుకు వేళ, నిద్రకు వేళ ఉండవలసిందే. బయట నలభై అయిదు డిగ్రీల ఎండ కాచే నెలల్లో ఇంట్లో కూర్చోబెట్టి, ఆడవద్దనటం కూడా కష్టమే. లాక్కొనే ముందు ఒక్క ప్రశ్న అడగండి. "ఇందులో కొట్టకుండా గెలిపించేది ఏది?" అని. వాళ్ళు చెప్పేది తెలుగులో చెప్పమనండి. గంటసేపు చెబుతారు. ఆ గంటలో మీ బిడ్డ ముందు నిలబడే మనిషో, పక్కన నిలబడే మనిషో మీకు తెలుస్తుంది. రెండూ గొప్పవే. రెండవవాడిని మొదటివాడిగా మార్చాలని మాత్రం తొందరపడకండి. ఎదిగిన కాకికి ఆ గుణం పోతుందని పన్నెండేళ్ళ అమ్మాయి మాకు చెప్పింది.

పడకసీనులో అర్జునుడు కోరుకొన్నది ఏమిటో ప్రతి ఏడూ పిల్లలకు నేర్పాము. ఆ వేదిక పక్కనే పుస్తకం పట్టుకొని నిలబడినదాన్ని చూడలేకపోయాము. ఆ రోజు మేము కూర్చున్నది దుర్యోధనుడి వైపు.

 మైకు సర్దుతూ ఈ మూల నిలబడిన అబ్బాయికి, వెనుక వంటశాలలో పులిహోర కలుపుతున్న అమ్మలకు ముందుగా, తరువాత మీ అందరికీ నమస్కారములు.